నాలుగు నెలల్లో 3500 ఇంగ్లీషు పదాలు బట్టీ పట్టాను, పరీక్షలో ఒక్కటీ గుర్తు రావడం లేదు

గుంటూరు_ఘాటు
ఆగస్టు చివర్లో జీఆర్ఈకి (విదేశాల్లో పీజీ చదవడానికి రాసే పరీక్ష) స్లాట్ బుక్ చేసుకున్నాను. జనవరిలో మొదలుపెట్టి రోజుకు 30 చొప్పున నాలుగు నెలల్లో 3500 పదాల జాబితా పూర్తి చేశాను. పొద్దున అయిదింటికి లేచి రాసుకున్న నోట్‌బుక్కులే ఆరు ఉన్నాయి. మొన్న ఆదివారం మాక్ టెస్ట్ రాస్తే వర్బల్‌లో, అంటే ఇంగ్లీషు విభాగంలో, 146 వచ్చింది. జాబితా ముట్టుకోక ముందు 144. ఇంత కష్టానికి రెండంటే రెండు మార్కులు పెరిగాయి.

‘ఏ’తో మొదలయ్యే పదాలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ‘ఎమ్’ దాటితే మాత్రం ఎక్కడో చూసిన ముఖంలా ఉంటుంది, పేరు గుర్తు రాదు.

ఇంకో బాధ కూడా ఉంది. నేర్చుకున్నవి వాడితేనే నిలుస్తాయన్నారని క్లయింటుకు రాసిన మెయిల్‌లో ‘ఈ బగ్‌ను అమీలియరేట్ చేస్తాం’ అని రాశాను. మా లీడ్ పిలిచి, ‘ఫిక్స్ అని రాయొచ్చు కదా, ఎందుకిలా’ అని అందరి ముందూ అడిగారు. నిఘంటువులో అర్థం ‘మెరుగుపరచు’ అనే ఉంది, మరి తప్పెక్కడ?

నాది ఇంటర్ దాకా తెలుగు మీడియం. లోపం అక్కడే ఉందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇదే దారిలో వెళ్లి బయటపడినవాళ్లు ఉంటే చెప్పండి.

బందరు_లడ్డు
ఏ నుంచి జెడ్ దాకా వరసగా చదివావా? అక్కడే దెబ్బ తిన్నావు. ఒకేలా కనబడే పదాలు పక్కపక్కనే నేర్చుకుంటే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. ఇంజీనియస్ అంటే తెలివైన, ఇంజెన్యువస్ అంటే అమాయకమైన. వీనల్ అంటే లంచం మరిగిన, వీనియల్ అంటే క్షమించదగ్గ చిన్న తప్పు. జాబితాలో ఈ జంటలు పక్కపక్కనే కూర్చుంటాయి. నేను రెండేళ్ల పాటు వీటిని తారుమారుగానే గుర్తుపెట్టుకున్నాను.

డాలస్_తమ్ముడు
జాబితాలు పనికిరావని ఎవరైనా అనేలోపే చెబుతున్నా. నేను జాబితాతోనే 2019లో వర్బల్ 162 తెచ్చుకున్నాను. కాకపోతే 3500 కాదు, దాదాపు 1000 పదాలే. రెండు నెలలు. రోజుకు 20 కొత్తవి, 100 పాతవి. నీ లెక్కలో రోజుకు 30 కొత్తవి కనబడుతున్నాయి కానీ పాతవి ఎన్నిసార్లు తిరగేశావో రాయలేదు.

గుంటూరు_ఘాటు
@డాలస్_తమ్ముడు నెలకోసారి ఆదివారం పూట నోట్‌బుక్ మొదటి నుంచి చివరి దాకా చదివేవాణ్ని అన్నా.

డాలస్_తమ్ముడు
చదవడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు తమ్ముడూ. పదం పక్కనే అర్థం కనబడుతుంటే ‘ఆ, ఇది నాకు తెలుసు’ అనే అనిపిస్తుంది. అర్థం మూసేసి అడిగితేనే తెలిసిందో లేదో బయటపడుతుంది.

కొండపల్లి_బొమ్మ
నేను ఒప్పుకోను. 162 వచ్చిన డాలస్ అన్న అంతకుముందు ఏం చదివారో అడగండి. హైస్కూల్ నుంచి ఇంగ్లీషు పేపర్ చదివే ఇంట్లో పెరిగినవాళ్లకు జాబితా చివరి మెరుగు మాత్రమే. పునాది లేనివాళ్ల చేతిలో అదే జాబితా పెడితే సిమెంటు లేకుండా ఇటుకలు పేర్చినట్టే. నేనూ జాబితాలే చదివాను, ఒకసారి కాదు, రెండుసార్లు. చివరికి నాకు పనికొచ్చింది ఆరు నెలల పాటు రోజుకు రెండు వ్యాసాలు చదవడం.

డాలస్_తమ్ముడు
@కొండపల్లి_బొమ్మ మా నాన్న లారీ డ్రైవర్. మా ఇంటికి వచ్చింది తెలుగు పేపర్, అదీ పక్కింటివాళ్లు చదివాక. దయచేసి ఊహించి రాయకండి.

కొండపల్లి_బొమ్మ
సారీ అన్నా. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వెనక్కి తీసుకుంటున్నా.

అశోక్‌నగర్_అద్దెగది
ముందు పరీక్ష సంగతి చూడండి. ఆ 3500 పదాల జాబితాలు పాత జీఆర్ఈ కాలంనాటివి. అప్పుడు పదం ఒక్కటే ఇచ్చి దానికి వ్యతిరేకపదం ఏదని అడిగేవారు, పోలికల ప్రశ్నలు కూడా ఉండేవి. ఆ రెండు రకాలూ 2011 ఆగస్టులోనే పోయాయి. ఇప్పుడు వాక్యంలో ఖాళీలు పూరించాలి, లేదంటే ఆరు పదాల్లోంచి వాక్యానికి ఒకే అర్థం ఇచ్చే రెండింటిని ఎంచుకోవాలి. రెండూ సరైతేనే మార్కు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష కూడా కుదించారు, వర్బల్‌లో మొత్తం 27 ప్రశ్నలే. వాక్యం నడక పట్టుకున్నవాడిదే మార్కు. వాళ్లు అడగడం మానేసిన ప్రశ్నకు నువ్వు నాలుగు నెలలు సిద్ధమయ్యావు తమ్ముడూ.

నేను రాసేది సివిల్స్. అక్కడ మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపర్ క్వాలిఫై అయితే చాలు. అయినా పదాల మీద ఈ గది గోడలన్నీ నింపాను కాబట్టి తర్వాత వివరంగా రాస్తా. ఇప్పుడు టెస్ట్ సిరీస్‌కు టైమైంది.

బందరు_లడ్డు
2011 సంగతి నాకూ తెలియదు. మా కోచింగ్‌లో ఇప్పటికీ ఆ పెద్ద జాబితానే జిరాక్స్ తీసి ఇస్తున్నారు.

తెనాలి_మాస్టారు
ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. అందరూ గుర్తుపెట్టుకోవడం గురించే మాట్లాడుతున్నారు. ఈ అబ్బాయి అడిగిన రెండో ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. ‘అమీలియరేట్’ ఎందుకు తప్పయింది?

తెలుగులోంచే చూద్దాం. నీళ్లు, జలం రెండూ ఒకటే. కానీ పక్కింటికి వెళ్లి ‘కాస్త జలం ఇస్తారా’ అని ఎవరూ అడగరు. ఇల్లు కట్టుకుంటాం, పూజ మాత్రం గృహప్రవేశానికి చేయిస్తాం. చెట్టు ఎక్కుతాం, వృక్షశాస్త్రం చదువుతాం. ఏ మాట ఎక్కడ పలకాలో మనకెవరూ నేర్పలేదు, వింటూ పెరిగాం.

ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇలాంటి అంతస్తులే ఉన్నాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. తర్వాత చాలా కాలం కోటలోనూ కోర్టులోనూ ఫ్రెంచి నడిచింది, చదువుకూ చర్చికీ లాటిన్ ఉండేది, పొలంలో పాత ఇంగ్లీషు మిగిలింది. కొట్టంలో ఉన్నప్పుడు ఆవు ‘కౌ’, పళ్లెంలోకి వచ్చేసరికి అదే ‘బీఫ్’. మేపేవాడి మాట ఒకటి, తినేవాడి మాట ఇంకొకటి. అందుకే ఒకే పనికి మూడేసి మాటలు దొరుకుతాయి. ఆస్క్ అంటే అడగడం, క్వశ్చన్ అంటే ప్రశ్నించడం, ఇంటరాగేట్ అంటే పోలీసు కూర్చోబెట్టి ఆరా తీయడం. రాజుకు సంబంధించినదాన్ని కింగ్లీ అనవచ్చు, రాయల్ అనవచ్చు, రీగల్ అనవచ్చు. మూడూ ఒకటి కాదు.

అమీలియరేట్ చేసేది పరిస్థితిని. పేదరికం, బాధ, దుస్థితి లాంటివి పూర్తిగా పోకపోయినా కాస్త తగ్గేలా చేయడం. బగ్‌ను కాస్త మెరుగుపరుస్తామంటే క్లయింటు ఒప్పుకుంటాడా బాబూ? బగ్ పోవాలి. నీ తెలుగు మీడియం వల్ల జరిగిన పొరపాటు కాదిది. నిఘంటువు నీకు ఒక్క మాట ఇచ్చింది, ఆ మాట ఎవరి పక్కన కూర్చుంటుందో చెప్పలేదు. పదం నేర్చుకునేటప్పుడు దానికి అలవాటైన రెండు మూడు తోడుమాటలు కూడా రాసుకో. మిటిగేట్ (తీవ్రత తగ్గించడం) పక్కన రిస్క్, అలీవియేట్ (ఉపశమనం కలిగించడం) పక్కన పెయిన్, రెక్టిఫై (సరిదిద్దడం) పక్కన ఎర్రర్. మనం దెబ్బ తింటాం, ఒట్టు పెడతాం, పందెం కాస్తాం. బయటివాడొచ్చి ‘నేను ఒట్టు చేశాను’ అంటే మనకెలా వినబడుతుంది? అర్థమవుతుంది కానీ చెవికి గుచ్చుకుంటుంది.

గుంటూరు_ఘాటు
మాస్టారూ, ఇది నాకెవరూ చెప్పలేదు. ‘ఒట్టు చేశాను’ అన్న దగ్గర విషయం పూర్తిగా అర్థమైంది.

సీమ_రాగిసంకటి
మాస్టారి పోస్టు ప్రింట్ తీసి మా తమ్ముడి టేబుల్ మీద పెట్టాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నేను యూకేలో నర్సుగా పనిచేస్తున్నాను. నాది జీఆర్ఈ కాదు, ఐఈఎల్‌టీఎస్, విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష. అక్కడ రైటింగ్‌లోనూ స్పీకింగ్‌లోనూ నాలుగు అంశాల మీద మార్కులు వేస్తారు, అందులో పదసంపద ఒకటి. అంటే పావు వంతు. ఆ పావు వంతు కోసం నేను కూడా పెద్ద పెద్ద పదాలే ఏరుకున్నాను. ఇక్కడికొచ్చాక తెలిసింది, నాకు రాని ఇంగ్లీషు చిన్న పదాల్లో ఉందని.

ఇంటర్వ్యూలో ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2016’ అన్నాను. మన దగ్గర చదువు పూర్తయిందని అర్థం. వాళ్లకు స్పృహ తప్పి పడిపోయానని వినబడింది. ఒకావిడ చాలా ఆప్యాయంగా ‘ఇప్పుడు బాగున్నావా’ అని అడిగింది. వార్డులో ఓ ముసలాయన ‘స్పెండ్ ఎ పెన్నీ’ చేయాలన్నారు. డబ్బులు కావాలేమో అనుకుని ఆయన పర్సు తీసి ఇచ్చాను. అది బాత్రూమ్‌కు వెళ్లాలని చెప్పే పాత మర్యాద మాట. ఆ రోజు ఆయన పడ్డ ఇబ్బంది తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. అప్పటి నుంచి డ్యూటీలో విన్న ప్రతి కొత్త మాటా యూనిఫాం జేబులోని చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాను, ఎవరన్నారో, ఏ సందర్భంలో అన్నారో కూడా.

నర్సింగ్ చదివినందుకు ఒక లాభం మాత్రం కలిగింది. అపెండెక్టమీ, టాన్సిలెక్టమీ అంటే కోసి తీసేయడమని మాకు మొదటి ఏడాదే చెప్పారు. ఆ ‘టమీ’ గ్రీకులో కోత. అనాటమీ అంటే కోసి చూడడం. ఆటమ్ అంటే ఇక కోయడానికి వీల్లేనిది. డైకాటమీ అంటే రెండుగా చీలిన స్థితి. ఎపిటమీ కూడా అక్కడి నుంచే వచ్చింది, కోసి కుదించిన సారం అని. ఒక్క మూలం పట్టుకుంటే ఇన్ని పదాలు చేతికొచ్చాయి.

బందరు_లడ్డు
ఎపిటమీనా? నేను ఇన్నాళ్లూ ఎపిటోమ్ అనుకుంటున్నా అక్కా!

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఎపిటమీయే. హైపర్‌బోల్ కూడా కాదు, హైపర్‌బలీ. మనది రాసినట్టు చదివే లిపి కదా, కంటితో నేర్చుకున్న పదాన్ని నోరు అలాగే పలుకుతుంది. కొత్త పదం రాసుకునేటప్పుడు ఫోన్‌లో ఒకసారి విని, పక్కనే తెలుగులో ఉచ్చారణ రాసుకోండి. ఆ పనికి మన లిపి అంత అనువైనది ఇంకోటి లేదు.

సెకండ్‌లాంగ్వేజ్_సంస్కృతం
సిస్టర్ గారు గ్రీకు మూలాల మాట ఎత్తారు కాబట్టి నా వాటా నేనూ వేస్తాను. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న లక్షల మందిలో నేనొకణ్ని. అది ఇంగ్లీషుకు పనికొస్తుందని అప్పుడు తెలియదు.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే కుటుంబం. తెలుగు ఆ కుటుంబం కాదు, కానీ మనం రోజూ సంస్కృతం మాటలు వాడుతూనే ఉంటాం. దంతం తెలిస్తే డెంటల్, పాదం తెలిస్తే పెడల్, పెడెస్ట్రియన్. అగ్ని తెలిస్తే ఇగ్నైట్. నవ తెలిస్తే నావెల్, నోవిస్, ఇన్నొవేట్. మృత తెలిస్తే మోర్టల్, మోరిబండ్ (చావుకు దగ్గరైన). ‘జ్ఞా’ ధాతువు తెలిస్తే కాగ్నిషన్, ఇన్‌కాగ్నిటో, అగ్నాస్టిక్. యోగం అంటే కలపడం, కాడి వేయడం. కాన్జుగల్ (దాంపత్యానికి చెందిన), సబ్జుగేట్ (లొంగదీసుకోవడం) రెండింటిలోనూ అదే కాడి ఉంది.

ఉపసర్గలైతే ఇంకా బాగుంటాయి. అధర్మంలో ‘అ’, అనంతంలో ‘అన్’. ముందు అచ్చు వస్తే ‘అన్’ అవుతుంది. గ్రీకు నుంచి వచ్చిన మాటల్లోనూ అంతే, ఏథియిస్ట్‌లో ‘ఏ’, అనార్కీలో ‘అన్’. దుర్‌కు తోబుట్టువు డిస్టోపియాలో మొదటి ముక్క. పరిధిలోని పరికి తోబుట్టువు పెరిమీటర్‌లోని పెరి. ఉపరికి హైపర్, సూపర్.

ఒక జాగ్రత్త. పోలిక కనబడిన ప్రతిదీ చుట్టరికం కాదు. దేవుడికీ లాటిన్ డేయస్‌కీ బంధుత్వం ఉంది, డీటీ, డివైన్ అక్కడివే. కానీ థియాలజీలో ఉన్న గ్రీకు థియోస్‌కు దేవ శబ్దంతో సంబంధం లేదు. నేను కూడా చాలాకాలం ఒకటే అనుకున్నాను.

కొండపల్లి_బొమ్మ
మూలాలు కొన్నిసార్లు ముంచుతాయి కూడా. ఎనర్వేట్ చూసి ‘ఎనర్జీ ఇవ్వడం’ అనుకుంటాం, కానీ అర్థం నీరసపెట్టడం. రెస్టివ్‌లో రెస్ట్ ఉంది కదా అనుకుంటే దాని అర్థం అసహనంగా కదలడం. నాయిసమ్‌కు చప్పుడుతో సంబంధమే లేదు, కంపు కొట్టేది అని. డిస్‌ఇంటరెస్టెడ్ అంటే ఆసక్తి లేనివాడు కాదు, జీఆర్ఈలో అయితే పక్షపాతం లేనివాడు. పరీక్ష పెట్టేవాళ్లకు ఇవంటే ప్రాణం.

అశోక్‌నగర్_అద్దెగది
తెలిసిన పదాలు కూడా ముంచుతాయి. క్వాలిఫై అంటే అర్హత పొందడం ఒక్కటే కాదు, మాటకు షరతు తగిలించి బలం తగ్గించడం కూడా. టెంపర్ అంటే కోపమే కాదు, తీవ్రత తగ్గించడం. ఫ్లాగ్ అంటే జెండాయే కాదు, డీలా పడడం. శాంక్షన్ అయితే అనుమతీ అదే, ఆంక్షా అదే! ఇవన్నీ మనకు ‘వచ్చిన’ పదాలు కాబట్టి ఏ జాబితాలోనూ వెతకం.

సరే, ఇందాక బాకీ పడ్డది రాస్తాను. మరపు మీద మొదట లెక్కలు కట్టినవాడు ఎబింగ్‌హాస్ అనే జర్మన్, 1885లో. అర్థంలేని అక్షరాల ముక్కలు తనే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత పోతోందో చూసుకున్నాడు. మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ భాగం జారిపోతుంది, తర్వాత జారడం నెమ్మదిస్తుంది. అంటే జారబోయే ముందు పట్టుకుంటే చాలు. 1970ల్లో లైట్నర్ అనే ఇంకో జర్మన్ దీన్ని పెట్టెల పద్ధతిగా మార్చాడు. నా గదిలో అయిదు మిఠాయి డబ్బాలున్నాయి. కొత్త కార్డులన్నీ మొదటి డబ్బాలో ఉంటాయి, దాన్ని రోజూ తీస్తాను. సరిగ్గా చెబితే కార్డు రెండో డబ్బాకు వెళుతుంది, దాన్ని మూడు రోజులకోసారి చూస్తాను. తర్వాతది వారానికి, ఆ తర్వాత పదిహేను రోజులకు, ఆఖరుది నెలకు. ఎక్కడ తప్పు చెప్పినా కార్డు మళ్లీ మొదటి డబ్బాకే. అలా రాని పదం రోజూ ఎదురుపడుతుంది, వచ్చిన పదం మీద టైం వృథా కాదు. ఫోన్‌లో కావాలంటే ఆంకీ యాప్ ఉంది, కంప్యూటర్‌లో అయితే 2006 నుంచీ ఉంది. జపనీస్‌లో ఆ మాటకు కంఠస్థం అనే అర్థం.

నా అనుభవంలో రోజుకు పదికి మించి కొత్తవి వేస్తే మూడో వారానికి తిరగేయాల్సినవి కొండలా పెరిగి, మొత్తం ఆగిపోతుంది. 30 వేసిన తమ్ముడికి అదే జరిగింది.

తెనాలి_మాస్టారు
కార్డు మీద పదం, అర్థం మాత్రమే ఉన్నాయా, వాక్యం కూడా ఉందా?

అశోక్‌నగర్_అద్దెగది
వాక్యమే ఉంటుంది మాస్టారూ. పదం ఉన్నచోట ఖాళీ. ఆ వాక్యం కూడా నేను చదివిన వ్యాసంలోదే అయి ఉండాలి, ఇంకెక్కడి నుంచో తెచ్చి పెట్టను.

తెనాలి_మాస్టారు
భేష్. ఇక డాలస్ బాబుకూ బొమ్మకూ తగాదా ఏముంది? చదివినచోట పదం దొరికింది, డబ్బాలో నిలిచింది.

మా తాతగారు అమరకోశం వల్లె వేసినవారు. అది పర్యాయపదాల జాబితాయే, పద్యాల్లో కట్టిన జాబితా. అయితే దాన్ని కంఠస్థం చేసినవారు అక్కడితో ఆగలేదు, వెంటనే కావ్యపాఠంలో కూర్చున్నారు. వల్లించిన మాట శ్లోకంలో ఎదురైనప్పుడల్లా దాని రుచి తెలిసేది. మన కోచింగులు మొదటి సగం ఉంచుకుని రెండో సగం వదిలేశాయి.

డాలస్_తమ్ముడు
ఇది ఒప్పుకుంటాను మాస్టారూ. నేనూ ఆ రెండు నెలలూ రోజూ మూడు రీడింగ్ ప్యాసేజీలు చేశాను. అది చదువు కింద లెక్కలోకి వస్తుందని అనుకోలేదు.

గుంటూరు_ఘాటు
ఏం చదవాలి మరి? ఇంగ్లీషు పేపర్ ఎడిటోరియల్ తెరిస్తే పేరాకు పది పదాలు తెలియవు. నిఘంటువు చూసుకుంటూ పోతే ఒక్క వ్యాసానికి గంటన్నర పడుతోంది.

కొండపల్లి_బొమ్మ
ఎడిటోరియల్‌తో మొదలుపెట్టకు తమ్ముడూ. పదసంపద మీద పరిశోధన చేసిన పాల్ నేషన్ లెక్క ఒకటుంది. ఎవరి సాయమూ లేకుండా నవలో పేపరో హాయిగా చదవాలంటే అందులోని నూటికి 98 మాటలు తెలిసి ఉండాలి, దానికి ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలి. కుటుంబం అంటే డెవలప్, డెవలపర్, డెవలప్‌మెంట్ అన్నీ కలిపి ఒకటి. దీన్ని నీకు పనికొచ్చేలా తిప్పుకో. ఒక పేరాలో సుమారు వంద మాటలుంటాయి కదా. రెండు మూడు తెలియకపోతే అది నీకు సరైన పుస్తకం. అయిదు దాటితే పక్కన పెట్టు, ఆరు నెలల తర్వాత మళ్లీ తియ్యి. క్రికెట్ ఇష్టమైతే క్రికెట్ వ్యాసాలు, వంట ఇష్టమైతే వంట. విషయం ముందే తెలిస్తే తెలియని పదాన్ని వాక్యమే చెప్పేస్తుంది.

సీమ_రాగిసంకటి
క్రికెట్ మాట నిజం. ‘స్టాల్‌వర్ట్’, ‘ప్రాడిజియస్’, ‘కొలాప్స్’, ‘రిసైలియంట్’ అన్నీ నాకు మ్యాచ్ రిపోర్టుల్లోనే వచ్చాయి. మన బ్యాటింగ్ కుప్పకూలిన ప్రతిసారీ ఒక కొత్త పదం నేర్చుకున్నాను.

బందరు_లడ్డు
నాకు ఇంకో సమస్య. నిఘంటువులో ఇచ్చే తెలుగు అర్థం ఇంగ్లీషు కన్నా కష్టంగా ఉంటుంది. ఆంబివలెంట్ అంటే ‘ద్వైధీభావయుత’ అట. ఇప్పుడు ఆ తెలుగుకు అర్థం ఎక్కడ వెతకాలి?

ఓరుగల్లు_పిల్ల
నేను నిఘంటువు తెలుగు రాసుకోవడం మానేసి మా ఇంట్లో తెలుగు రాసుకుంటున్నాను. ఆంబివలెంట్ అంటే ‘వద్దనా లేదు, కావాలనా లేదు’. గార్యులస్ అంటే వాగుడుకాయ, అచ్చం మా చిన్నత్త. పార్సిమోనియస్ అంటే పిసినారి. గ్రిగేరియస్ అంటే కలుపుగోలు మనిషి. లకానిక్ అంటే ముక్తసరి, మా నాన్న ఫోన్‌లో మాట్లాడినట్టు. ప్రతి పదానికీ మా చుట్టాల్లో ఒకరిని కూర్చోబెట్టాను. ఒక్కటీ మర్చిపోలేదు.

డాలస్_తమ్ముడు
ఇది అద్భుతంగా ఉంది. నేనూ ఒకటి. ప్రివారికేట్ అంటే నీళ్లు నమలడం. అడిగిందానికి సూటిగా చెప్పకుండా తప్పించుకోవడం.

సీమ_రాగిసంకటి
ఎక్సాసర్‌బేట్ అంటే అగ్నిలో ఆజ్యం పోయడం. ఫ్యూటైల్ అంటే బూడిదలో పోసిన పన్నీరు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఎఫెమరల్ అంటే మూణ్నాళ్ల ముచ్చట. ఇంపెక్యూనియస్ అంటే చేతిలో చిల్లిగవ్వ లేకపోవడం.

బందరు_లడ్డు
ఈక్వివొకేట్ అంటే గోడ మీద పిల్లి!

ఓరుగల్లు_పిల్ల
కాదు. గోడ మీద పిల్లి ఎటు లాభముంటే అటు దూకడానికి కాచుకుని ఉంటుంది. అది అవకాశవాదం. ఈక్వివొకేట్ అంటే మాట్లాడే పద్ధతి. ఎటూ దొరక్కుండా మాట్లాడడం. పాము చావకుండా కర్ర విరగకుండా అంటాం చూడండి, అది.

బందరు_లడ్డు
రాజకీయ నాయకుడు గోడ మీద కూర్చుని అలాగే మాట్లాడతాడు కదా, రెండూ ఒకటే.

ఓరుగల్లు_పిల్ల
కూర్చోవడం వేరు, మాట్లాడడం వేరు. వాక్యంలో పెట్టి చూడండి. ‘సాక్షి ఈక్వివొకేట్ చేశాడు’ అంటే సాక్షి గోడెక్కలేదు, రెండు అర్థాలొచ్చేలా చెప్పాడు.

సెకండ్‌లాంగ్వేజ్_సంస్కృతం
ఓరుగల్లు చెల్లెలి మాటే నిజం, పదంలోనే సాక్ష్యం ఉంది. ఈక్వి అంటే సమానం, వొక్ అంటే గొంతు. ఆ వొక్ మన వాక్కుకు తోబుట్టువే. రెండు వైపులా సమానంగా పలికేది అని. వొకల్, వోసిఫరస్ అక్కడివే.

బందరు_లడ్డు
ఒప్పుకున్నా. ఇంత పోట్లాడాక ఈ పదాన్ని జన్మలో మర్చిపోను.

కోనసీమ_కొబ్బరి
ఇన్ని పదాలు మనమే తెచ్చుకుంటున్నాం, మనం ఇచ్చింది కూడా ఒకటి చెప్పనివ్వండి. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉన్న బ్యాండికూట్ మన పందికొక్కే.

సీమ_రాగిసంకటి
ఇవ్వక ఇవ్వక పందికొక్కును ఇచ్చామా!

గుంటూరు_ఘాటు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆరు నోట్‌బుక్కులూ అటక మీద పెట్టేశాను. చెప్పుల డబ్బాలు అయిదు తెచ్చి వరసగా పేర్చాను. రోజుకు పది కార్డులే. క్రికెట్ వ్యాసాలతో మొదలుపెట్టి ఇప్పుడు సైన్సు వ్యాసాలు చదువుతున్నాను, ఎడిటోరియల్ జోలికి ఇంకా వెళ్లలేదు. కార్డు ముందు ఖాళీ ఉన్న వాక్యం, వెనక పదం, దాని తోడుమాట, ఇంటి తెలుగు. ఇప్పటికి 190 కార్డులయ్యాయి, నాలుగో డబ్బాలో 60 దాకా ఉన్నాయి. నిన్న మాక్ రాస్తే 151 వచ్చింది. పరీక్షకు ఇంకా ఏడు వారాలుంది.

మార్కుల కన్నా సంతోషమైంది ఇంకోటి జరిగింది. సోమవారం మీటింగులో ఒక రిస్క్ గురించి మాట్లాడుతుంటే ‘మిటిగేట్’ అన్నాను. అన్నానని కూడా నాకు తెలియలేదు. మా లీడ్ తల ఊపి తర్వాతి విషయానికి వెళ్లిపోయారు. ఎవరూ నా వైపు తిరిగి చూడలేదు మాస్టారూ.

తెనాలి_మాస్టారు
చాలా సంతోషం బాబూ. తోడుమాటతో సహా దానంతట అదే వచ్చింది చూడు.

డాలస్_తమ్ముడు
151 మంచి దారి తమ్ముడూ. ఆఖరి రెండు వారాలు కొత్త కార్డులు ఆపేసి పాతవే తిప్పు, రోజూ టైం పెట్టుకుని ప్యాసేజీలు చెయ్యి.

గుంటూరు_ఘాటు
తప్పకుండా అన్నా. ఒక కార్డు మాత్రం వారం నుంచి మొదటి డబ్బా దాటడం లేదు. ఆక్రిమోనియస్. నిఘంటువులో ‘కటువైన’ అని ఉంది. ఇంటి తెలుగు దొరకడం లేదు. ఎవరైనా చెబుతారా?

ఓరుగల్లు_పిల్ల
కారాలు మిరియాలు నూరుకోవడం. ఇద్దరి మధ్య తగువు ఘాటెక్కి మాటలు మండుతుంటే ఆక్రిమోనియస్. విడాకుల పక్కన, చర్చల పక్కన ఎక్కువగా కనబడుతుంది.

సెకండ్‌లాంగ్వేజ్_సంస్కృతం
సరిగ్గా కుదిరింది. దాని లాటిన్ మూలానికి అర్థం పదునైన, ఘాటైన అనే. యాక్రిడ్ పొగ అంటాం కదా, అదీ అక్కడిదే.

బందరు_లడ్డు
గుంటూరువాడివై ఉండి, పేరులోనే ఘాటు పెట్టుకుని, ఈ పదానికి మమ్మల్ని అడుగుతావా తమ్ముడూ!

గుంటూరు_ఘాటు
కార్డు మీద రాసేశాను. రేపు పొద్దున చూస్తా, రెండో డబ్బాకు వెళుతుందో లేదో.